పాత ల్యాప్‌టాప్‌లో కొత్త పాతర

నంద్యాలలో ఉండే మా అక్క కూతురు మే నెలలో ఒక పాత ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని కర్నూలుకు వచ్చింది. వాళ్లన్న బీటెక్‌లో చేరినప్పుడు, 2014లో, మా బావ పత్తి డబ్బుతో కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. వాళ్లన్న ఉద్యోగం వచ్చాక వేరేది కొనుక్కున్నాడు. ఇప్పుడీ పిల్ల గ్రూప్స్‌కు చదువుతోంది. పాఠాలు వినడానికీ, పాత ప్రశ్నపత్రాలు చూసుకోవడానికీ ఇదే దిక్కు.

"మామా, దీన్ని ఆన్ చేసి పొయ్యి మీద ఎసరు పెడితే, ఎసరు మరుగుతాది గాని ఇది మాత్రం లేయదు. ఎస్‌ఎస్‌డీ ఏయించు, గుర్రం మాదిరి పరిగెత్తుతాది అంటాండారు అందరూ. ఒక అంగట్లో ఒక రేటు చెప్పినారు, పక్క అంగట్లో దానికి రెండింతలు చెప్పినారు. రెండూ చూసేదానికి ఒకటే మాదిరి ఉండాయి. ఏది తీసుకుంటే నాలుగేండ్లు నిలుస్తాది?"

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు చాలామందే. బడిపంతుళ్లు, డీటీపీ చేసుకునేవాళ్లు, మీసేవా కేంద్రం నడిపే కుర్రాళ్లు. అందరికీ ఒక కంపెనీ పేరు చెప్పి పంపడం తేలికే. కానీ ఈ సరుకులో పేరు అలాగే ఉండి లోపలి చిప్పు మారిపోతూ ఉంటుంది. ఈ ఏడాది మంచిదన్నది వచ్చే ఏడాదికి మంచిదిగా ఉంటుందని ఎవరూ పూచీ పడలేరు. అందుకే లోపల ఏముందో, అది ఎందుకు అరుగుతుందో తెలుసుకుంటే, అంగట్లో ఏ డబ్బా చేతికి ఇచ్చినా మనమే తూకం వేసుకోగలం.

అటెండరు పరుగులు

ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే ప్రాసెసర్ ముసలిదైందని అనుకుంటాం. మా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూశాం. ప్రాసెసర్ నూటికి పది పదిహేను పాళ్లు కూడా పని చేయడం లేదు. డిస్క్ అన్న చోట మాత్రం 100 శాతం అని ఎర్రగా నిలబడి ఉంది. అంటే పనిచేసేవాడు ఖాళీగా కూర్చుని ఉన్నాడు, కాగితాలు తెచ్చిచ్చేవాడు ఊపిరాడక పరిగెత్తుతున్నాడు.

పాత ల్యాప్‌టాప్‌లోని హార్డ్‌డిస్క్ అంటే అయస్కాంతపు పూత పూసిన పళ్లెం. దాని మీద గ్రామఫోను ముల్లులాంటి ఒక చేయి అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కో చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. అంతకుముందు ముల్లు ఆ వరుస దాకా జరగాలి, దానికి ఇంకో 12 మిల్లీసెకన్లు. అన్నీ కలిపితే ఒక్క ముక్క తేవడానికి 17, 18 మిల్లీసెకన్లు. సెకనుకు 60 ముక్కలు కూడా దాటవు.

ఒకే సినిమాను మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదవమంటే ఇదే డిస్కు సెకనుకు 100 ఎంబీ దాకా తెచ్చిస్తుంది. కానీ విండోస్ లేచేటప్పుడు అడిగేది సినిమా కాదు. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న చిన్న ముక్కలు. మండలాఫీసులో రికార్డు రూముకు ఒకే అటెండరు ఉన్నాడనుకోండి. ఒకే సర్వే నంబరు కట్ట మొత్తం తెమ్మంటే ఒక్క నడకలో తెస్తాడు. అరవై ఊళ్ల అడంగళ్లలో ఊరికొక కాగితం తెమ్మంటే అరవైసార్లు బీరువాల మధ్య తిరగాలి. మన ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది ఇదే.

హార్డ్‌డిస్క్ బదులు వేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, జరిగే ముల్లు లేదు. ఏ ముక్కనైనా మిల్లీసెకనులో పదో వంతులో అందిస్తుంది. అందరూ చెప్పే గుర్రం మాట నిజమే. ఇంకో లాభం కూడా ఉంది. హార్డ్‌డిస్కు ముల్లు పళ్లేనికి పది నానోమీటర్ల లోపు ఎత్తులో తేలుతుంటుంది. మన వెంట్రుక మందంలో అది కొన్ని వేల వంతుల్లో ఒకటి. ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు బస్సులో ఒళ్లో ల్యాప్‌టాప్ నడుస్తుండగా పోతే ఆ ముల్లు ఎంత ప్రమాదంలో ఉంటుందో ఊహించండి. ఎస్‌ఎస్‌డీకి ఆ భయం లేదు. దాని భయాలు వేరు.

జొన్న పాతర

మన సీమ పల్లెల్లో జొన్నలు పాతర్లలో దాచేవాళ్లు. ఇంటి ముందో, వీధిలోనో గట్టి నేల చూసి, మెడ సన్నంగా, కడుపు వెడల్పుగా గొయ్యి తవ్వేవాళ్లు. లోపల చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, మీద బండ మూసి, మట్టితో మెత్తేవాళ్లు. గాలి, తడి చొరకపోతే ఏళ్ల తరబడి గింజ చెడదు. మూత తీశారంటే మాత్రం రెండు పడుల గింజలు తీసుకుని మళ్లీ మూద్దామంటే కుదరదు, పాతరను మొత్తం తోడాల్సిందే. తోడిన ప్రతిసారీ గోడలు కొంచెం రాలుతాయి. ఎన్నోసార్లు తోడిన పాతరలో చెమ్మ చేరుతుంది.

ఎస్‌ఎస్‌డీలోని చిప్పులో ఇలాంటి పాతర్లు కోట్లు కోట్లు ఉంటాయి. జొన్నల బదులు ఎలక్ట్రాన్లు. మట్టి గోడ బదులు గాజులాంటి పలచని సిలికాన్ ఆక్సైడ్ పొర. కరెంటు ఆ పొర గుండా మామూలుగా పోదు. అందుకే ల్యాప్‌టాప్ ఆపేసినా లోపల పోసిన ఎలక్ట్రాన్లు అలాగే ఉంటాయి. రాయాలంటే 20 వోల్టుల దాకా ఒత్తిడి పెట్టి గోడ గుండానే వాటిని లోపలికి తోస్తారు. ఎలక్ట్రాన్లంత చిన్నవాటికి గోడ మరీ పలచనైతే, దాన్ని పగలగొట్టకుండానే అవతలికి చేరే గుణం ఉంది. సొరంగం తవ్వకుండానే సొరంగం దాటినట్టు. చెరపాలంటే ఎదురు ఒత్తిడి పెట్టి బయటికి లాగేస్తారు. ఇలా దాటిన ప్రతిసారీ కొన్ని గోడలోనే ఇరుక్కుంటాయి, గోడ కొంచెం బలహీనపడుతుంది. ఎస్‌ఎస్‌డీ అరుగుదల అంటే ఇదే. చదివితే అరిగేది చాలా తక్కువ. రాసి, చెరిపితేనే అరుగుతుంది.

ఇలా ఎలక్ట్రాన్లను నాలుగు వైపులా మూసి దాచవచ్చన్న ఆలోచనను 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు కాగితం మీద పెట్టారు. దాన్ని మన చేతికందే సరుకుగా మార్చే దారి చూపింది జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుయొకా. 1984లో ఆయన తన పద్ధతిని లోకానికి చెప్పారు. ఒక గుంపు పాతర్లను ఒక్క దెబ్బతో తోడేయవచ్చని ఆయన కనిపెట్టారు. ఆ వేగం చూసి, కెమెరా ఫ్లాష్ వెలిగినట్టుందని తోటి ఉద్యోగి షోజీ అరీజుమి అన్నారట. ఫ్లాష్ అన్న పేరు అలా నిలిచిపోయింది. 1987లో మసుయొకా బృందమే ఇంకా ఇరుకుగా, ఇంకా చవగ్గా పేర్చే నాండ్ అమరికను ప్రకటించింది. ఇవాళ మన ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో, ఎస్‌ఎస్‌డీల్లో ఉన్నది అదే.

ఈ అమరికలో ఒక మెలిక ఉంది. పాతర్లలో పోయడం కొన్ని కొన్నిగా చేయవచ్చు గాని, తోడటం మాత్రం వీధి వీధంతా ఒకేసారి. ఒక ఫైలులో ఒక్క అక్షరం దిద్దినా, పాత చోట దిద్దడం కుదరదు. దిద్దిన కాపీని ఎస్‌ఎస్‌డీ వేరే ఖాళీ పాతర్లలో పోసి, పాత దాని మీద "పనికిరాదు" అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ వీధిలో పనికిరానివి ఎక్కువైనప్పుడు, పనికొచ్చేవాటిని ఇంకో వీధికి మోసి, మొత్తం తోడేస్తుంది. ఈ మోతలో మనం రాసిన దానికంటే ఎక్కువ రాత జరుగుతుంది. డ్రైవులో ఖాళీ ఎంత తక్కువుంటే మోత అంత పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డీని గొంతు దాకా నింపొద్దని, ఐదో వంతైనా ఖాళీ ఉంచమని నేను చెప్పేది ఇందుకే.

పుల్ల మీద ఎన్ని గుర్తులు?

రెండు రేట్ల మధ్య తేడాకు మొదటి కారణం ఇక్కడే ఉంది. పాతర నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అని మాత్రమే చూస్తే ఒక పాతర ఒక బిట్టు చెబుతుంది. ఒక పుల్ల దించి, పావు, సగం, ముప్పావు, నిండు అని నాలుగు మట్టాలు కొలవగలిగితే అదే పాతర రెండు బిట్లు చెబుతుంది. ఎనిమిది మట్టాలైతే మూడు బిట్లు, పదహారు మట్టాలైతే నాలుగు. తవ్విన గుంతలు అన్నే, దాచిన సమాచారం ఎక్కువ. కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, మనకు ధర తగ్గుతుంది.

కానీ పుల్ల మీద గుర్తులు దగ్గరయ్యే కొద్దీ పొరపాటుకు చోటు పెరుగుతుంది. రెండే గుర్తులున్నప్పుడు గుప్పెడు గింజలు కారిపోయినా నిండు పాతర నిండుదే. పదహారు గుర్తులున్నప్పుడు ఆ గుప్పెడే లెక్క మార్చేస్తుంది. అందుకే ఒంటి బిట్టు రకం, అంటే ఎస్‌ఎల్‌సీ, లక్ష సార్లు రాసి చెరిపినా తట్టుకునేది. మూడు బిట్ల టీఎల్‌సీ వెయ్యి నుంచి మూడు వేల దాకా తట్టుకుంటుంది. నాలుగు బిట్ల క్యూఎల్‌సీ కొన్ని వందల నుంచి వెయ్యి దాకా.

లక్షెక్కడ, వెయ్యెక్కడ అని మా మేనకోడలు నోరు తెరిచింది. భయపడాల్సిన పని లేదు. 2013లో శాంసంగ్ 24 అంతస్తుల చిప్పును తయారుచేసిన దగ్గర్నుంచి, పాతర్లను పక్కపక్కనే ఇరికించడం మాని, అపార్ట్‌మెంటులా ఒకదాని మీద ఒకటి కడుతున్నారు. ఇప్పుడు 200 అంతస్తులు దాటాయి. మీదికి కట్టడం వల్ల ఒక్కో పాతరను మరీ ఇరుకు చేయాల్సిన అవసరం తప్పింది. మూడు బిట్ల రకం నమ్మదగ్గదైంది అందువల్లే.

పాత ల్యాప్‌టాప్‌కు నా ఓటు మూడు బిట్ల రకానికే. నాలుగు బిట్లది సినిమాలు, ఫోటోలు దాచుకునే రెండో డ్రైవుగా పనికొస్తుంది. కానీ 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు పది ట్యాబులతో తెరిస్తే ర్యామ్ చాలదు. మిగిలిన భారమంతా కంప్యూటరు డ్రైవు మీదికి దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది. ఆ రాత మన కంటికి కనబడదు, రోజంతా జరుగుతూనే ఉంటుంది. అక్కడ గోడ గట్టిగా ఉన్న పాతర కావాలి. వీలైతే ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా వేయించుకోండి. డ్రైవు ఆయుష్షుకు అదీ మందే.

గుమాస్తా, ఖాతా పుస్తకం, ఉల్లిగడ్డల యార్డు

ఇన్ని పాతర్లలో ఏది ఎక్కడుందో చూసుకునే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. కంట్రోలర్ అంటారు. నేను గుమాస్తా అంటాను. అరుగుదలను అన్ని పాతర్లకూ సమంగా పంచేది ఇతనే. ఎద్దుల బండి రోజూ ఒకే జాడలో పోతే గాడి పడుతుంది, జాడ మార్చి మార్చి తోలితే బాట నిలుస్తుంది. గుమాస్తా కూడా నిన్న రాసిన చోట ఇవాళ రాయడు. పాడైన పాతర్లను గుర్తించి పక్కన పెట్టి, ముందే దాచి ఉంచిన అదనపు పాతర్లను వాడకంలోకి తెస్తాడు. మట్టాల్లో చిన్న పొరపాట్లుంటే లెక్కగట్టి సరిదిద్దుతాడు.

రేట్ల తేడాకు రెండో కారణం ఇక్కడుంది. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఖాతా పుస్తకం గుమాస్తాకు తప్పనిసరి. ఖరీదైన డ్రైవుల్లో ఆ పుస్తకం బల్ల మీదే తెరిచి ఉంటుంది, అంటే దానికోసం వేరే డీర్యామ్ చిప్పు పెడతారు. చవక డ్రైవుల్లో బల్ల ఉండదు, లేచి బీరువా దాకా పోయి చూసి రావాలి. పాఠాలు వినేవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు. డీర్యామ్ లేనిదాన్ని పనికిరాదని కొట్టిపారేయను. కానీ రెంటి ధరలో తేడా మూడు నాలుగు వందలే అయితే బల్ల ఉన్నదే తీసుకోమంటాను.

ఇక ఉల్లిగడ్డల సంగతి. సీజన్లో కర్నూలు మార్కెట్ యార్డుకు పోయినవాళ్లకు తెలుసు. పొద్దున్నే వచ్చిన బండ్లు ప్లాట్‌ఫాం మీద గబగబా సరుకు దించి పోతాయి. ప్లాట్‌ఫాం నిండిందా, బయట వరుస మొదలు. ఎస్‌ఎస్‌డీలో కూడా కొన్ని పాతర్లను తాత్కాలికంగా ఒంటి బిట్టు పద్ధతిలో వాడుతూ, వచ్చిన సరుకును ముందు అక్కడ దించుకుంటారు. రెండే మట్టాలు గనక పోయడం చాలా వేగం. తీరిగ్గా ఉన్నప్పుడు దాన్ని అసలు పాతర్లలోకి మారుస్తారు. డబ్బా మీద అచ్చు వేసే రాత వేగం ఈ ప్లాట్‌ఫాం వేగమే. అది నిండాక అసలు వేగం బయటపడుతుంది. శాంసంగ్ 870 క్యూవో అనే నాలుగు బిట్ల డ్రైవు 1 టీబీ రకంలో ప్లాట్‌ఫాం నిండాక వేగం సెకనుకు 80 ఎంబీకి పడిపోతుందని ఆ కంపెనీయే తన వివరాల్లో రాసింది. పాత హార్డ్‌డిస్కు వరుసగా రాసే వేగం కూడా దాదాపు అంతే. కంపెనీ దాచకుండా చెప్పింది గనక కొనేవాడు తెలిసే కొంటాడు. చెప్పనివాళ్ల సంగతే చిక్కు.

క్రూషియల్ పీ2 అనే డ్రైవు మొదట మూడు బిట్ల చిప్పుతో వచ్చి, పేరు మారకుండానే నాలుగు బిట్ల చిప్పుకు మారిందని 2021లో సమీక్షకులు పరీక్షించి బయటపెట్టారు. మంచి పేరున్న కంపెనీ సరుకులోనే ఇలా జరిగింది. ఏదో ఒక సమీక్ష చదివి పాత ముచ్చట మీద కొనొద్దనేది ఇందుకే.

డబ్బా చేతికిచ్చినప్పుడు

ముందు మన ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుందో చూడాలి. 2014 నాటి ల్యాప్‌టాప్‌లో పట్టేది ఎక్కువగా 2.5 అంగుళాల సాటా రకం. చిన్న పట్టీలా ఉండే ఎమ్2 రకం కొత్త ల్యాప్‌టాప్‌లకు. ఆ ఎమ్2లోనూ సాటా, ఎన్‌వీఎమ్ఈ అని రెండు జాతులున్నాయి, చూపుకు ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి పని చేయకపోవచ్చు. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని పొండి, లేదా పాత డిస్కు విప్పి చేత్తో పట్టుకుని పొండి.

వేగం అంకె మీద డబ్బులు పెట్టకండి. సాటా దారే సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. 2010కి ముందటి ల్యాప్‌టాప్‌లలో ఆ దారి ఇంకా ఇరుకు, 280 దగ్గరే ఆగుతుంది. అయినా మనకు తేడా తెలియదు. మనల్ని బాధపెట్టింది పెద్ద ఫైలు వేగం కాదు, అటెండరు పరుగులు. ఆ పరుగులు ఏ ఎస్‌ఎస్‌డీతోనైనా తీరుతాయి.

చూడాల్సిన అంకె టీబీడబ్ల్యూ. ఎన్ని టెరాబైట్లు రాసేదాకా కంపెనీ పూచీ అన్నది అది చెబుతుంది. కింగ్‌స్టన్ ఏ400, క్రూషియల్ బీఎక్స్500 రెండూ 240 జీబీ రకంలో 80 టెరాబైట్లు, మూడేళ్లు అంటాయి. శాంసంగ్ 870 ఈవో 250 జీబీ రకం 150 టెరాబైట్లు, ఐదేళ్లు అంటుంది. మామూలు చదువు, పాఠాలు, కాగితం పనులకు రోజుకు 20 జీబీ రాత అనుకుందాం, ఇది ఎక్కువే. 80 టెరాబైట్లు అయిపోవడానికి 4000 రోజులు, అంటే పదకొండేళ్లు. అంతకుముందే ల్యాప్‌టాప్ కీళ్లు ఊడిపోతాయి.

అలాంటప్పుడు ఆ అంకె ఎందుకు చూడాలని మా మేనకోడలు అడిగింది. మంచి ప్రశ్న. అది మనం ఖర్చు చేసే నిల్వ కాదు. తాను లోపల ఏ చిప్పు పెట్టిందో తెలిసిన కంపెనీ ఎంత ధైర్యంగా పూచీ పడుతోందో చెప్పే కొలత. ఆ అంకె ఎక్కడా రాయని డ్రైవు మీద నాకు నమ్మకం కుదరదు. ఒకసారి నేనే పేరు లేని డ్రైవు చవగ్గా వచ్చిందని కొన్నాను. ఏడాదిన్నర బ్రహ్మాండంగా నడిచింది. ఒక ఉదయం ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లోపల డ్రైవే లేదన్నట్టు నల్ల తెర. రెండేళ్లు ఊరూరూ తిరిగి రాసుకున్న నోట్సు అందులో ఉంది. పోయే హార్డ్‌డిస్కు చాలాసార్లు టక్ టక్ మని ముందే చెబుతుంది, కొంత సమయమిస్తుంది. ఎస్‌ఎస్‌డీలో పాతర్లన్నీ నిండుగానే ఉండి, ఖాతా పుస్తకం పోతే చాలు, ఒక్క గింజ చేతికి రాదు.

సామర్థ్యం విషయంలో 120 జీబీ వద్దంటాను. విండోస్, నాలుగు ప్రోగ్రాములు పెట్టేసరికి నిండిపోతుంది, ఖాళీ లేక మోత పెరుగుతుంది. 240 లేదా 250 చాలు, డబ్బుంటే 480 లేదా 500. పాతర్లు రెండింతలైతే అరుగుదల పంచుకునేవీ రెండింతలే. ధర మాత్రం ఏ నెలకా నెల మారుతోంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను లాగేసుకోవడంతో 2025 చివర్నుంచి రేట్లు పెరిగాయి. హైదరాబాద్‌లో 2019 నుంచి ఇంజనీరింగ్ కేంద్రం నడుపుతున్న మైక్రాన్ కంపెనీ, క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. అమ్మినవాటికి వారంటీ సేవ కొనసాగిస్తామని చెప్పింది. రేట్లు పెరిగే కాలంలోనే నకిలీలు ఎక్కువ తిరుగుతాయి, జాగ్రత్త.

వెయ్యి రూపాయలకే 2 టీబీ అంటూ వచ్చే పోర్టబుల్ డ్రైవులు అలాంటివే. విప్పి చూస్తే లోపల ఫోన్లో వేసే చిన్న మెమరీ కార్డు. "నేను 2 టీబీ" అని కంప్యూటరుకు అబద్ధం చెప్పేలా దాని గుమాస్తాకు నేర్పి ఉంటారు. కార్డు అసలు సామర్థ్యం, 64 జీబీ అనుకుందాం, దాటాక రాసినదంతా పాత వాటి మీదే పడి, రెండూ పోతాయి. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో డ్రైవును చివరిదాకా నింపి, తిరిగి చదివించి చూడండి. లినక్స్ వాడేవాళ్లకు ఎఫ్3 ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఇంకో ఉచిత ప్రోగ్రాము, డ్రైవు ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో, ఎంత రాసిందో దాని నోటితోనే చెప్పిస్తుంది. కొత్తదని అమ్మినదాంట్లో వేల గంటలు కనబడితే బిల్లు పట్టుకుని అంగడికి పోవచ్చు. అందుకే బిల్లు లేకుండా కొనొద్దు.

మన ఎండ, మన కరెంటు

కర్నూలులో, కడపలో మే నెల ఎండ 43, 44 డిగ్రీల దాకా పోతుంది. మిద్దె మీది గదిలో తలుపులేసి పోతే సాయంత్రానికి గోడలు ముట్టుకోలేం. ఈ వేడికి ఎస్‌ఎస్‌డీ తట్టుకుంటుందా? నడుస్తున్నప్పుడు తట్టుకుంటుంది, మామూలుగా 70 డిగ్రీల దాకా పనిచేసేలా తయారుచేస్తారు. చిక్కు నడుస్తున్నప్పుడు కాదు, ఆపి పక్కన పెట్టినప్పుడు. వేడికి ఎలక్ట్రాన్లు గోడ గుండా కారడం పెరుగుతుంది.

దీనికి జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన కొలత ఉంది. ఇంట్లో వాడే డ్రైవు తన రాత పరిమితి మొత్తం అయిపోయాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారాన్ని కాపాడాలి. అదే లెక్కలో వేడి 40 డిగ్రీలైతే కాపాడే కాలం సుమారు 14 వారాలకు పడిపోతుంది. 25 డిగ్రీలైతే రెండేళ్లు. ఇది పూర్తిగా అరిగిపోయిన డ్రైవు లెక్క అని మరిచిపోకండి, కొత్తదాని గోడలు గట్టివి, చాలా ఏళ్లు నిలబెడతాయి. అయినా మన ఊరికి ఇందులో ఒక సంగతి ఉంది. పెళ్లి ఫోటోలు ఎస్‌ఎస్‌డీలో వేసి ఇనప బీరువాలో తాళం పెట్టి ఐదేళ్లు మరిచిపోవడం చలి దేశంలో ఎంత తప్పో, మిద్దె ఇంట్లో అంతకు ఎన్నో రెట్లు తప్పు. రెండు మూడు నెలలకోసారి తగిలించి తెరిచి చూడాలి.

కరెంటు సంగతి ఇంకా దగ్గరిది. పాత ల్యాప్‌టాప్‌లలో ముందు చచ్చేది బ్యాటరీ. ఛార్జరు పెట్టి నడుపుకుంటుంటారు. వేసవి సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు టక్కున పోతుంది. సరిగ్గా అప్పుడే గుమాస్తా ఖాతా పుస్తకంలో రాస్తుంటే? సగం రాసిన పేజీ మిగులుతుంది. డేటా సెంటర్లలో వాడే డ్రైవుల్లో, కరెంటు పోయినా ఆ పేజీ ముగించేంత శక్తి దాచుకునే కెపాసిటర్లు పెడతారు. మన ధరలో వచ్చేవాటిలో అవి ఉండవు. చవక డ్రైవులు మన దగ్గర ఉన్నట్టుండి చావడానికి రాత అరుగుదల కంటే ఇదే పెద్ద కారణమని మరమ్మతు చేసేవాళ్ల దగ్గర కూర్చుని చూశాక నాకు అనిపించింది. మా మేనకోడలికి ఖరీదైన ఎస్‌ఎస్‌డీ వద్దన్నాను. మధ్యరకం ఎస్‌ఎస్‌డీ, మిగిలిన డబ్బుతో కొత్త బ్యాటరీ. ల్యాప్‌టాప్ ఫ్యానులో బండల పొడి దట్టంగా పేరుకుని ఉంటే అదీ ఊదించాం. బండల గనులున్న బేతంచెర్ల వైపు నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌లలో ఈ తెల్ల పొడి మామూలే.

బిగించిన రోజు

వెనక మూత నాలుగు స్క్రూలు విప్పి, పాత డిస్కును పక్కకు లాగి తీశాం. అది 9.5 మిల్లీమీటర్ల మందం, కొత్తది 7. వదులు లేకుండా డబ్బాలోనే వచ్చిన ప్లాస్టిక్ చట్రం పెట్టాం. అక్కడిదాకా పావుగంట పని.

పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయమంది మా మేనకోడలు. వద్దన్నాను. పదేళ్ల చెత్తను కొత్తింటికి మోయడం ఎందుకు? పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంత పాత ప్రాసెసర్ మీద ఎక్కదు. బ్రౌజరు, పీడీఎఫ్, తెలుగు టైపింగు చాలు అంది గనక విండోస్ బదులు లినక్స్ మింట్ వేశాం. డబ్బు ఖర్చు లేదు. తెలుగు కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంది.

ముందు రోజు ఫోనులో గడియారం పెట్టి కొలిచాం. బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజరు తెరుచుకునేదాకా 4 నిమిషాల 10 సెకన్లు. ఇప్పుడు 31 సెకన్లు. మళ్లీ ఆపి, మళ్లీ నొక్కింది. నమ్మకం కుదరక మూడోసారి కూడా.

పాత హార్డ్‌డిస్కును పారేయనివ్వలేదు. యూఎస్‌బీ కేసు ఒకటి కొని అందులో పెట్టాం. పెద్ద సంఖ్యలో డ్రైవులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ తన లెక్కలు ప్రకటిస్తుంటుంది. వాళ్ల ఎస్‌ఎస్‌డీల్లో ఏడాదికి నూటికి సుమారు ఒకటి చొప్పున పోయాయి. నూటికి ఒకటంటే తక్కువే, కానీ ఆ ఒకటి ఎవరిదో ముందు తెలియదు. ప్రతి ఆదివారం నోట్సంతా ఈ పాత డిస్కులోకి ఒక కాపీ వేస్తానని ఒప్పుకుంది.

పోయేముందు నల్ల స్కెచ్ పెన్ను అడిగి, కేసు మీద ఆ రోజు తేదీ, దాని కింద "పాతర 2" అని రాసుకుంది. ఇంట్లో ఎక్కడ పెట్టాలని అడిగితే, మిద్దె మీది బీరువాలో మాత్రం వద్దు, కింద వాళ్లవ్వ మందులు పెట్టుకునే చెక్క అలమారాలో పెట్టమన్నాను. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది అక్కడే.